రెండో సుడి

మనిషికి తన ఒంట్లో తన కంటికి ఎప్పటికీ దొరకని చోటు ఒకటుంది. అది నడినెత్తి. ఊళ్లో ప్రతివాడూ దాన్ని చూసి నా గురించి ఏదో ఒకటి చెప్పగలడు, నేను మాత్రం చెప్పలేను. ఈ అన్యాయం నాకు ఇరవై రెండో ఏట తెలిసివచ్చింది. అప్పటిదాకా నా తల మీద ఏముందో ఎవరికీ పట్టలేదు. నిజం చెప్పాలంటే తల లోపల ఏముందో కూడా పెద్దగా పట్టలేదు.

అప్పుడు నేను చిక్కబళ్లాపురంలో చిన్న పిల్లల బడిలో మేష్ట్రును. యుద్ధం రోజులు. బస్సులు వెనకాల బొగ్గు పొయ్యి కట్టుకొని తిరిగేవి, గుట్ట ఎక్కేటప్పుడు మేమంతా దిగి నడిచేవాళ్లం. పాఠం కన్నడంలో చెప్పి, తిట్లు తెలుగులో తిట్టి కాలం గడిపేవాణ్ణి. మా ఊరు చింతామణి పక్కన ఒక పల్లె. మా అమ్మ తమ్ముడి ఊరు బాగేపల్లికి రెండు మైళ్లు. ఆ మామ కూతురే నాకు పెళ్లామని అది ఉయ్యాల్లో ఉన్నప్పుడే ఇరుపక్కలా అనుకున్నారు. నన్నెవరూ అడగలేదు. అడిగినా వద్దనేవాణ్ణి కాదు.

వద్దనకపోవడానికి కారణం ఉంది. ఉద్యోగం వచ్చిన కొత్తలో మామ ఇంటికి వెళ్లి, నా చదువంతా చూపించుకోవాలని, సూర్యుడు కదలడనీ, తిరిగేది భూమేననీ, మన కళ్లు మనల్ని మోసం చేస్తాయనీ అందరికీ చెప్పాను. మామ కూతురు చేటలో ఉలవలు చెరుగుతూ వింది.

"అయితే మా ఇల్లు దినానికి ఒకసారి తలకిందులైతాది అంటావా బావా?"

"అవుతుంది."

"మరి అటక మీద పెట్టిన ఉలవల మూట ఒక్క దినమైనా కింద పడలేదే?"

నా దగ్గర జవాబు ఉంది. పుస్తకంలో ఉంది. కానీ ఆ పిల్ల చేట ఎగరేస్తూ నా వంక చూసిన చూపుకు అది నోట్లోనే ఉండిపోయింది. ఆ రోజు నుంచి నాకు ఆమె అంటే ఇష్టం. దాచుకోవడమెందుకు, పిచ్చి.

ఆ ఏడు చలికాలంలో నాకు విషజ్వరం వచ్చింది. ఇరవై రోజులు మంచం మీద ఉన్నాను. అమ్మ వెంట్రుకలు మొక్కుకుంది. జ్వరం దిగాక గుండు గీయించారు. ఒంట్లో సత్తువ వచ్చేదాకా మామ ఇంట్లో ఉండమని నన్ను ఆ ఊరు పంపారు. మాఘమాసంలో పెళ్లి అనుకొని ఉన్నారు కాబట్టి కాబోయే అల్లుణ్ణి మేపే హక్కు తమదని మా అత్త కబురు పెట్టింది.

అనపకాయల కాలం. పీట మీద కూర్చొని, ముందర విస్తరి వేసుకొని, అనపగింజల పులుసులో సంగటి అద్దుకొని మింగుతున్నాను. అత్త రెండో ముద్ద తెచ్చింది. తెచ్చి వేయలేదు. ముద్ద ఆమె చేతిలో, చెయ్యి నా గుండు పైన, అట్లాగే ఆగిపోయింది. జ్వరంపడి లేచినవాడు ఇంకొకటి అరిగించుకోగలడా అని ఆలోచిస్తోందనుకున్నాను.

"వెయ్యత్తా, తింటాను."

"తల కొంచెం దించప్పా."

దీవిస్తుందేమోనని దించాను. ముద్ద విస్తట్లో పడింది, అత్త లోపలికి వెళ్లిపోయింది. పులుసు పోయడానికి మళ్లీ రాలేదు. ఆ ముద్ద నేను ఒట్టిదే తిన్నాను.

సాయంత్రానికి సంగతి ఇల్లంతా తెలిసింది. నా నెత్తిన రెండు సుడులున్నాయి. రెండు సుడులున్నవాడికి రెండు పెళ్లిళ్లని మా పక్క పాలు తాగే పిల్లవాడికి కూడా తెలుసు. రెండో పెళ్లి జరగాలంటే మొదటి పెళ్లాం పోవాలి. ఇక మొదటి పెళ్లాంగా రావడానికి సిద్ధంగా ఉన్నది అత్త కన్న ఒక్కగానొక్క కూతురు.

ఇది విని మీరు నవ్వుకోవచ్చు. నేనూ నవ్వాను. అత్త నవ్వలేదు. నన్ను పెరట్లోకి పిలిచి, రోటి పక్కన కూర్చొని, ఒక్కొక్క మాటే చెప్పింది.

"మీ మామకు రెండు సుడులు. నా ముందర ఒక ఆయమ్మ ఈ ఇంటికి వచ్చింది. ప్లేగులో పాయ. ఆ యనక నేను వస్తి. అంటే నేను రెండో సుడిని కదప్పా. రెండో సుడిగా వచ్చిన దానికి ఏమీ కాలేదు, బాగుండాను. మరి నా బిడ్డను మొదటి సుడిగా ఎట్ల పంపేది? నువ్వే చెప్పు, చదువుకున్నోడివి."

చదువుకున్నోణ్ణి గుండు తడుముకున్నాను. మా మామకు అంతకుముందు ఒక భార్య ఉండేదని నాకు తెలుసుగానీ, ఆ ఇంట్లో ఆమె ఊసు ఎవరూ ఎత్తేవారు కాదు. మామ అసలే మాటలు తక్కువ మనిషి. రోజుకు పది మాటలాడితే అందులో ఆరు ఎద్దులతో.

ఇంట్లో ఇంకొక పెద్ద దిక్కు మా అవ్వ, అంటే మామకూ మా అమ్మకూ కన్నతల్లి. వసారాలో కూర్చొని వక్క దంచుకుంటూ ఉంది. "అవ్వా, నా తల చూసి నువ్వు చెప్పు" అని ముందరికి వంగాను. అవ్వ తల ఎత్తలేదు.

"ఒకటే. పోరా అవతలికి."

"చూడకనే చెప్తివే?"

"చూసేదేముండాది దాంట్లో" అని వక్క దంచడం పెంచింది. ముసలమ్మకు మనవడి మీద ప్రేమ అనుకున్నాను.

అత్త మాటలతో ఆగలేదు. నాలుగు రోజులకే గౌరిబిదనూరు నుంచి ఒక సంబంధం సంగతి బయటికి వచ్చింది. అబ్బాయికి ఒకటే సుడి అట, చూసినవాళ్లు చెప్పారట. పైగా రైలు స్టేషను పక్కనే ఇల్లు. అది వినగానే నా నవ్వు పోయింది. రైలు పక్కన ఇల్లున్నవాడితో నా నెత్తి ఎట్లా పోటీపడుతుంది? నాకు కోపం తన్నుకొచ్చింది. ఆ పిల్లను పోగొట్టుకుంటే నేనేం చేస్తానో నాకే తెలియలేదు. రెండు పూటలు అన్నం సరిగా తినలేదు. మూడో పూట అత్త పులుసు వాసనకు తిన్నాను.

సరే, లెక్కతోనే కొడదామని బయలుదేరాను. ఊళ్లో క్షౌరం చేసే తాత ఒకాయన ఉన్నాడు. నలభై ఏళ్లుగా చుట్టుపక్కల తలలన్నీ ఆయన చేతి కిందవే. ఆయనకు రెండు వక్కలూ ఒక పొగాకు కాడా ఇచ్చి, ఎవరి నెత్తిన ఎన్ని సుడులో అడిగాను. మహానుభావుడు, గడగడా చెప్పేశాడు. రెండు సుడులుండి ఒకే పెళ్లాంతో ముసలివాళ్లయినవాళ్లు ఉన్నారు. ఒకే సుడి ఉండి ఇద్దర్ని కట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఒక్క సుడీ తేలని బట్టతల ఒకాయనకు ముగ్గురు. ఈ సాక్ష్యమంతా మోసుకొని పరుగున వచ్చి అత్త ముందర పెట్టాను.

అత్త సావధానంగా వింది.

"ఆ రెండు సుడుల ముసిలాయన ఇంకా బతికుండాడు కదా?"

"ఉన్నాడు."

"అయితే తొందరెందుకప్పా, చూస్తాం ఉండు."

"ఒక సుడికి ఇద్దరు పెళ్లాలున్నాయన?"

"రెండోది వెంట్రుకల్లో యాడో దాక్కోనుంటాది. తాత కండ్లు ఇప్పుడు ముందర మాదిరి లేవు."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లంటే ఇదే. నాలుగో కాలు చూపించినా అది తోక అంటుంది. నేను అరిచాను, పీటను తన్నాను. బొటనవేలు వాచింది. మామ కూతురు తలుపు చాటు నుంచి, "భూమి తిరిగినప్పుడు పీట తగిలిందేమో చూడు బావా" అంది.

ఆ వారమే మామ ఎద్దుల కోసం చింతామణి సంతకు బయలుదేరాడు. తోడు రమ్మని నన్నూ బండెక్కించాడు. నాకు ఎద్దుల గురించి తెలిసిందల్లా నాలుగు కాళ్లూ రెండు కొమ్ములూ ఉంటాయనే. ఎందుకు రమ్మన్నాడో సంతకు వెళ్లాక తెలిసింది. అక్కడ ఒక దళారి ఉన్నాడు. పశువుల సుడులు చదవడంలో మూడు తాలూకాల్లో ఆయన మాటకు తిరుగులేదు. వెన్ను మీద ఏ సుడి ఉంటే గాదె నిండుతుందో, ఏ సుడి ఉంటే ఇంటి యజమానికి ముప్పో వేలు పెట్టి చూపిస్తాడు. సుడుల విద్య తెలిసినవాడికి ఎద్దయితేనేం అల్లుడయితేనేం అని మా మామకు తోచింది. నేను కల్పించి చెప్పడం లేదు, నిజంగానే తోచింది.

నన్ను రెండు ఎద్దుల మధ్య మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. దళారి నా గుండు మీద ఎర్రటి వక్కరసం వేళ్లతో నిమిరాడు. చెవి పట్టి అటూ ఇటూ తిప్పాడు. తరవాత అలవాటు కొద్దీ నా పెదవి పైకెత్తి పళ్లు చూశాడు. నేను కొరకలేదు. నా చదువుకు ఫలితమంటూ ఏదన్నా ఉంటే అదే. పక్కనుంచి పోతున్న ఒక రైతు ఆగి, నన్నూ మామనూ ఎగాదిగా చూసి, "ఏమప్పా, ఇదేనా ఇంకా ఏమన్నా చూపిస్తారా?" అని అడిగాడు.

సంతలో బేరం నోటితో చెప్పరు. ఇద్దరూ తువ్వాలు కింద చేతులు కలిపి వేళ్లు నొక్కుతారు. ఎన్ని వేళ్లు పట్టుకున్నారో ఆ ఇద్దరికి తప్ప పక్కనున్నవాడికి తెలియదు. దళారి అదే పద్ధతిలో మామ చేతిని తువ్వాలు కిందికి లాక్కొని నా నెత్తి తీర్పు చెప్పాడు. తువ్వాలు రెండుసార్లు కదిలింది. మామ ముఖం కదలలేదు.

"ఎన్ని మామా?" అని అడిగాను, బండి కదిలాక.

"ఒకటి."

పొలిమేర దాటాం. ఒక అరమైలు పోయాం.

"ఒకటే అనుకుంటాను. వేలు జారిందేమో" అన్నాడు.

ఇంటికి వచ్చాక అత్త, "తువ్వాలు కింది లెక్క నాకు వద్దు" అని ఒక్క మాటతో తేల్చేసింది. దళారి మంచి ఎద్దును చూపించాడని మాత్రం ఒప్పుకుంది.

ఇక ఎవర్నీ నమ్మి లాభం లేదు, నా తల నేనే చూసుకుంటానని, సెలవు ముగిసి బడికి తిరిగి వెళ్లాక, చిక్కబళ్లాపురంలో క్షౌరం దుకాణానికి వెళ్లాను. గోడకు నిలువెత్తు అద్దం, చేతికి చిన్న అద్దం ఉండే కొత్త దుకాణం అది. అప్పటికి నా గుండు మీద వేలి మందాన వెంట్రుకలు లేచాయి. గీయడానికి గడ్డం లేకపోయినా గీయించుకున్నాను. చిన్నద్దం వెనకాల పట్టుకొని, పెద్దద్దంలోకి చూసి, మెడ పట్టేసేదాకా వెతికాను. దొరికింది. ఒకటే సుడి. గుండె నిండిపోయింది.

"ఒకటే కదప్పా?" అన్నాను దుకాణం ఆయనతో.

"అవును మేష్ట్రే. మీరు చూస్తాండేది కుడిదా, ఎడమదా?"

మళ్లీ చూశాను. ఈసారి రెండు. కుర్చీ వెలుతురు వైపు తిప్పించాను, ఒకటిన్నర. చెయ్యి కుడికి జరిపితే అద్దంలో తల ఎడమకు జరుగుతోంది. అది నా తలేనా, వెనక కుర్చీలో కూర్చున్నాయన తలా అని కూడా అనుమానం వచ్చింది. పొద్దున బళ్లో పిల్లలకు, ఎవరో చెప్పింది నమ్మకండి, మీ కంటితో చూసి తెలుసుకోండి అని గొంతు చించుకున్నవాణ్ణి నేనే. మర్నాడు అదే పాఠం చెప్పాల్సివస్తే పిల్లల్ని బయట ఆడుకోమని పంపేశాను.

మళ్లీ సెలవు పెట్టి మామ ఇంటికి వస్తే, చివరికి పురోహితుడు దారి చూపించాడు. ఒకటో రెండో ఆ గొడవే వద్దు, రెండే అనుకుందామన్నాడు. ముందు అబ్బాయికి జిల్లేడు చెట్టుతో పెళ్లి చేయాలి. పసుపుతాడు కట్టాక చెట్టును నరికేయాలి. మొదటి పెళ్లాం పోయినట్టే. ఆ తరవాత వచ్చే అమ్మాయి రెండోది అవుతుంది. అత్త ముఖం వెలిగిపోయింది.

"రెండోది అయితే భయం లేదు. నేను లేనా గుండ్రాయి మాదిరి."

నేను ససేమిరా అన్నాను. బడి ఇన్‌స్పెక్టరు చెవిన పడితే నా బతుకేం కావాలి? ఆకుకు తాళి కట్టినవాడు పిల్లలకు ఏ ముఖంతో శాస్త్రం చెప్పాలి? మామ కూతురు బావి దగ్గర నన్ను నిలదీసింది.

"కట్టు బావా. నీకు ఒకరు దొరికేదే కష్టం, ఇద్దరు దొరుకుతాండారు."

"నీకు నవ్వులాటగా ఉందా?"

"నవ్వక ఏం చేయల్ల? గౌరిబిదనూరు వాళ్లు వచ్చే శుక్రవారం వస్తామని చెప్పి పంపినారు." ఆ మాట అన్నాక కడవ చేదుకుంటూ ముఖం అటు తిప్పుకుంది. ఎంత నోరుగల పిల్లయినా ఆ పూట నవ్వలేకపోయింది. నేను అప్పుడే ఒప్పేసుకున్నాను.

గురువారం పొద్దున్నే అందరం చేను గట్టుకు వెళ్లాం. నడుమెత్తు జిల్లేడు ఒకటి, పూత మీద ఉంది. పురోహితుడు దానికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, రవిక గుడ్డ చుట్టాడు. చూడ్డానికి లక్షణంగానే ఉంది. మామ కొడవలి పట్టుకొని పక్కన నిలబడ్డాడు. అత్త చేతులు కట్టుకొని తూర్పు వైపు చూస్తోంది. అవ్వ రావద్దన్నా వినకుండా వచ్చి, ఒక రాయి మీద కూర్చుంది. కాబోయే పెళ్లికూతురు అక్కడికి రాకూడదని కట్టడి చేశారు. రాకూడదన్నారు కాబట్టే సద్ది గంప నెత్తిన పెట్టుకొని వచ్చింది.

"అక్కకు కొత్త చీర పెట్టలేదా?" అంది గంప దించుతూ. అత్త నోరు మూసుకోమంది.

మంత్రాలయ్యాయి. వంగి తాడు కట్టాను. కొమ్మ ఒకటి విరిగి పాలు నా వేళ్లకంతా అంటుకున్నాయి. కళ్లు తుడుచుకోవద్దు, చూపు పోతుందని పురోహితుడు కేకేశాడు. పెళ్లయిన నిమిషానికే పెళ్లాం నా కళ్లు పోగొట్టబోయింది అనుకున్నాను.

"ఇంక నరకప్పా" అన్నాడు పురోహితుడు మామతో.

మామ వంగాడు. చెట్టు మొదలు పట్టుకున్నాడు. అప్పుడు కూతురు అడిగింది, ఈసారి ఎగతాళి లేదు.

"నాయనా, పెద్దమ్మకు ముందర కూడా ఇట్ల ఒక చెట్టును కట్టింటే, ఆయమ్మ బతికేదా?"

మామ ముందర ఇరవై ఏళ్లుగా ఎవరూ ఎత్తని మనిషి ఊసు అది. అత్త కూతురి వైపు తిరిగింది. మామ కొడవలి అట్లాగే పట్టుకొని, చెట్టు వైపే చూస్తూ చెప్పాడు.

"బతికేదేమోనమ్మా. నాకు అప్పుడు ఎవురూ చెప్పలేదు. చెప్పింటే కట్టేవాణ్ణి. ఒకటి కాదు, పది చెట్లకు కట్టేవాణ్ణి."

మామ అన్ని మాటలు ఒకేసారి మాట్లాడగా నేను వినడం అదే మొదటిసారి. నాకు తల ఎత్తి ఆయన్ను చూడాలంటే సిగ్గేసింది. నెలరోజులుగా నా నెత్తిని పట్టుకొని నేను గంతులేస్తున్నాను. ఆ మనిషి నెత్తి సంగతి నాకు తట్టనేలేదు.

"కొడవలి కింద పెట్టరా" అంది అవ్వ.

ఎవరికీ అర్థం కాలేదు. అవ్వ రాయి మీంచి లేవబోయి, లేవలేక, మళ్లీ కూర్చుంది.

"నా కొడుకు తలలో ఉండేది ఒకటే సుడి. కన్నదాన్ని నాకు తెలీదా? రెండని చెప్పింది నేను."

"ఏందత్తా మీరు చెప్పేది?" అంది అత్త.

"ప్లేగు వచ్చినప్పుడు ఊరంతా ఇండ్లు ఇడిసిపెట్టి బయట గుడిసెలు వేసుకున్యాం. ఈ చేనులోనే మన గుడిసె. ఇంట్లో ఎలకలు పడి సచ్చిండాయి, ఎవురూ పోవద్దని చాటినారు. మూడో దినం చూస్తే కవ్వం మరిచిపోయి వచ్చిండాము. పెరుగు చిలికేదానికి లేదు. ఆ పిల్లకు చెప్తి, ఒక్క పరుగున పోయి కవ్వం తీసుకోని రాపో అని. ఆ పిల్ల ఎదురు మాట చెప్పేది కాదు. పోయింది. కవ్వం తెచ్చి నా చేతికిచ్చింది. యనక జ్వరం వచ్చె, చంకలో గడ్డ లేచె. నాలుగో దినం పాయ."

అవ్వ పైటతో మూతి తుడుచుకుంది. పురోహితుడు నిలబడినచోటే చేతిలోని నీళ్ల చెంబు కింద పెట్టాడు.

"వాళ్ల అమ్మ వచ్చి ఎట్ల పోయింది నా బిడ్డ అని అడిగె. నా నోటికి కవ్వం మాట రాలేదు. వీనికి రెండు సుడులు, పిల్ల నొసట అట్ల రాసుండాది అంటి. ఆయమ్మ వీని తల చూసి, అవును, రెండుండాయి అనె. వచ్చినోళ్లంతా చూసిరి. అందరికీ రెండే కనపడె. నాకే ఒకటి కనపడేది. అందుకే నేను ఎవురి తలా చూడను."

నాకు అవ్వ మీద కోపం రావాలి, రాలేదు. కోపం వచ్చేదానికి అక్కడ చోటే లేదు. మామ కొడవలి చేతిలోంచి జారి గడ్డిలో పడింది. ఆయన తల్లి ముందర గొంతుక్కూర్చున్నాడు.

"అయితే నేను కాదా అమ్మా?" అన్నాడు. "ఆ పిల్ల పోయింది నా తలతో కాదా?"

"కాదు నాయనా."

"నేను కాదా?"

"కవ్వం నాయనా. నేను పంపినాను."

మామ ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు. ఇరవై ఏళ్లు ఆ మనిషి రోజుకు పది మాటలతో ఎందుకు బతికాడో, మనుషులకన్నా ఎద్దులతో ఎందుకు ఎక్కువ మాట్లాడాడో అప్పుడు తెలిసింది. నేను అటు తిరిగి పంచె కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. జిల్లేడు పాల సంగతి మరిచేపోయాను. కళ్లు భగ్గుమన్నాయి, మామ కూతురు సద్దిలోని మజ్జిగనీళ్లు తెచ్చి నా ముఖాన కొట్టింది. ఆ మంటలో నేను ఒక కంటితోనే చూసినా, తరవాత జరిగింది మాత్రం బాగా గుర్తుంది.

అత్త వెళ్లి భర్త వెనకాల నిలబడింది. ఆయన తలగుడ్డ తీసింది. నెరిసిన వెంట్రుకలు రెండు చేతులతో పాయలు తీసి, వంగి, చాలాసేపు చూసింది. ఆ తలకు ఇరవై ఏళ్లు నూనె అంటిన చేతులు అవి. అందరం ఆమె నోటి వంకే చూస్తున్నాం.

"నాకు రెండే కనపడతాండాయి" అంది.

"ఒకటేమ్మా" అంది అవ్వ.

"మీరు చెప్పేది అబద్ధమని కాదత్తా. మీ మాట నమ్మినాను. అయినా నాకు రెండే కనపడతాండాయి." అత్త ఒక పాయ సవరించింది. "దినామూ ఈయన తలంటేటప్పుడు రెండు చూసి, నేను రెండోదాన్ని, నాకేమీ కాదు అనుకొనేదాన్ని. ఆయమ్మ పాయ కాబట్టి నేను బతికుండానని సంతోషపడినాను. ఎంత పాపిష్టి సంతోషమో చూడండి."

ఆమె భర్త తల మీద తలగుడ్డ మళ్లీ పెట్టలేదు. ఉత్త చేతిని పెట్టి ఉంచింది. ఆ తరవాత నా వైపు తిరిగింది. రా అని పిలుస్తుందనీ, నా నెత్తిని ఇంకొకసారి వెతుకుతుందనీ అనుకొని అలవాటుగా తల వంచాను.

"వద్దప్పా. ఎత్తు తల" అంది. "ఈ కండ్లతో నేను చూస్తే నీకు మూడు కనపడినా కనపడతాయి. మాఘంలోనే పెండ్లి. గౌరిబిదనూరు వాళ్లకు రావద్దని ఎవురినైనా పంపండి."

నేనే పోతానన్నాను. ఆ ఉత్సాహానికి పురోహితుడు కూడా నవ్వాడు. జిల్లేడును ఎవరూ నరకలేదు. పసుపుతాడు విప్పాలా వద్దా అని మామ కూతురు అడిగితే, పురోహితుడు శాస్త్రంలో చూసి చెప్తానని ఇంటికి వెళ్లాడు, ఇంతవరకూ చెప్పలేదు.

మాఘంలో మా పెళ్లయింది. ఆ పిల్ల నాతో ముసలిదైంది, ఇప్పటికీ నా నోరు మూయిస్తూనే ఉంది. నా నెత్తిన ఎన్ని సుడులున్నాయంటే, ఆమెకు నా మీద కోపం వచ్చిన రోజు రెండు, రాని రోజు ఒకటి. నేను ఆ లెక్క వదిలేసి చాలా కాలమైంది.

నేను వదిలేయలేనిది మామ సంగతి. చేను నుంచి తిరిగొచ్చిన సాయంత్రం ఆయన వసారాలో అవ్వ పక్కన వచ్చి కూర్చొని, "నిజంగా కవ్వమేనా అమ్మా?" అని అడిగాడు. మర్నాడు ఎద్దులకు మేత వేసి వచ్చి మళ్లీ అడిగాడు. పెళ్లి పందిట్లో తలంబ్రాలు పోస్తుంటే ఆ సందడి మధ్యలో వంగి, ఆమె చెవి దగ్గర మళ్లీ అడిగాడు. అవ్వ ఒక్కసారి కూడా విసుక్కోలేదు. పోయేదాకా, ఆయన ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు, "కవ్వమే నాయనా, నువ్వు కాదు" అని చెప్పింది.